ఓవల్ వీరుడు ఫజల్ మహమూద్

పాకిస్తాను ఫాస్ట్ బౌలర్లు అనగానే నేటి కుర్రవాళ్లు ఇమ్రాన్ ఖాన్, వసీం అక్రం, వఖార్ యూనుస్ పేర్లు గడగడా చెప్పేస్తారు. వీరందరికంటే ముందు, ఆ దేశానికి టెస్టు ఆడే అర్హతే లేని రోజులలో, ఆ బౌలింగుకు పునాదిరాయి వేసిన మనిషిని మాత్రం ఇప్పుడు తలచేవారు తక్కువ. ఆయనే ఫజల్ మహమూద్. మంచి పొడగరి, నీలికళ్లు, నున్నగా దువ్విన జుట్టు. ఆ జుట్టు చూసే బ్రిల్‌క్రీం కంపెనీవారు తమ ప్రకటనలలో ఆయన బొమ్మ వేసుకున్నారు. అందగాడు కనుక పేరు వచ్చిందని అనుకునేరు, కాదు. 34 టెస్టులలో 139 వికెట్లు, ఒక్కొక్క వికెట్టుకు ఇచ్చిన పరుగులు సగటున 24.70. పాకిస్తాను తరఫున నూరు వికెట్లు దాటిన మొదటి బౌలరు ఆయన. ఆ నూరు 22వ టెస్టులోనే పూర్తి అయ్యాయి.

ఇంతటి మనిషి చుట్టూ తగవులు కూడా తక్కువేమీ లేవు. అసలు ఆయన ఫాస్ట్ బౌలరేనా అన్నది ఒక తగవు. చాప పరచిన పిచ్ మీద తప్ప ఆయన బంతి తిరగదన్నది ఇంకొక తగవు. కెప్టెనుగా ఆటను చంపేశాడన్నది మరొకటి. వీటన్నింటికీ ముందుది, అసలైనది, ఆయన ఏ దేశపు జట్టులో ఆడవలసినవాడు అన్నది. మొదట హిందూస్తాన్ జట్టుకు ఎంపికైనవాడు కదా మరి!

వేగం సంగతి ముందు చెప్పుకుందాం, అది చిన్న విషయం. ఇంగ్లండు టైసన్ లాగా, వెస్టిండీస్ హాల్ లాగా బ్యాట్స్‌మన్ తల ఎగరగొట్టే వేగం ఆయనకు ఎన్నడూ లేదు. ఫాస్ట్‌కు కాస్త కింద, మీడియంకు కాస్త పైన. ఆయన బలమంతా వేళ్లలో ఉన్నది. బంతి చేతినుంచి జారే చివరి క్షణంలో వేళ్లతో దానిని పక్కనుంచి కోసినట్లు వదిలేవాడు. దానిని లెగ్ కట్టర్ అంటారు. కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్లవైపు వస్తున్నట్లు కనబడి, నేల తాకగానే ఆఫ్ స్టంపు వైపు జరిగిపోతుంది. బ్యాటు ఒకచోట, బంతి ఇంకొకచోట. ఈసారి కూడా బయటికే పోతుందిలే అని బ్యాటు చాచితే, అదే పరుగుతో, అదే చేత్తో వేసిన బంతి ఈసారి లోపలికి చొచ్చుకుని వచ్చేది. ఇది ఒకటి రెండు ఓవర్ల గారడీ కాదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే చోట, అదే నిడివిలో వేసుకుంటూ పోయేవాడు. ఇంగ్లండు దేశపు అలెక్ బెడ్సర్‌తో ఆయనను పోల్చేవారు. ఆ పోలిక సరైనదే.

ఆ ఓపిక ఎక్కడినుంచి వచ్చిందంటే తండ్రి దగ్గరనుంచి అని చెప్పాలి. ఫజల్ మహమూద్ 1927 ఫిబ్రవరి 18న లాహోరులో పుట్టారు. తండ్రి గులాం హుసేన్ గారు ఇస్లామియా కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరు. చదువు విషయంలోనే కాదు, ఒంటి విషయంలో కూడా కఠినమైన మనిషి. కొడుకును తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి మైళ్లకొద్దీ నడిపించి, మైళ్లకొద్దీ పరుగెత్తించేవారు. చలికాలమని మినహాయింపు లేదు. ఇది ఏదో వారం రోజుల ముచ్చట కాదు, ఏళ్ల తరబడి సాగింది. పదమూడేళ్లకే కాలేజీలో చేరిన ఈ కుర్రవాడు తండ్రిగారి సబ్జెక్టులోనే ఎం.ఏ. దాకా చదివాడు. ఆటగాళ్లు చదువుకు పనికిరారని అనే మా తరహా మేష్టర్లకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే విషయమే.

ఆ కాలంలో లాహోరు క్రికెట్టు అంటే మింటో పార్కు మైదానం. క్లబ్బుల ఆటలు అక్కడే. ఇస్లామియా కాలేజీకి గవర్నమెంటు కాలేజీకి పోటీ జరిగితే ఊరంతా అక్కడే. ఆ మైదానంలోనుంచి వచ్చిన ఫజల్ 1944లో, పదిహేడేళ్ల వయసున, రంజీ ట్రోఫీలో నార్తర్న్ ఇండియా జట్టు తరఫున మొదటి మ్యాచి ఆడారు. ఆ మ్యాచిలో ఆయనకు దొరికిన వికెట్లలో లాలా అమర్‌నాథ్ వికెట్టు ఒకటి. ఈ అమర్‌నాథ్ పేరు జ్ఞాపకం పెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1946లో ఇంగ్లండు వెళ్లిన హిందూస్తాన్ జట్టులో చోటు ఇంచుమించు దొరికినట్లే దొరికి, మరీ చిన్నవాడన్న కారణంతో తప్పిపోయింది. తరువాతి టూరుకు అడ్డేమీ లేకపోయింది. 1947 చివర ఆస్ట్రేలియా వెళ్లి బ్రాడ్‌మన్ జట్టుతో ఆడవలసిన హిందూస్తాన్ జట్టుకు ఫజల్ మహమూద్ ఎంపిక అయ్యారు. వయసు ఇరవై.

ఆ జట్టుకు శిక్షణ శిబిరం పూనాలో పెట్టారు. ఎప్పుడు? 1947 ఆగస్టు నడుమ. తేదీ చూస్తేనే తెలుస్తున్నది కదా. పంజాబు తగలబడుతున్నది. లాహోరు కుర్రవాడు అన్ని మైళ్లు దాటి పూనా చేరుకుంటే అక్కడ వానలు. శిబిరం సరిగా సాగలేదు. ఇంటికి తిరిగి పోదామంటే మధ్యలో కొత్తగా గీసిన సరిహద్దు, దానికి రెండువైపులా శవాల రైళ్లు.

పూనా నుంచి బొంబాయి పోయే రైలులో ఫజల్ ఎక్కిన పెట్టెలో కొందరు ఆయనను గుర్తుపట్టి మీదికి వచ్చారు. ముస్లిం కుర్రవాడు, ఒంటరివాడు. ఆ పెట్టెలోనే సి.కె. నాయుడుగారు కూడా ఉన్నారు. హిందూస్తాన్ టెస్టు జట్టుకు మొదటి కెప్టెను ఆయనే, అప్పటికి యాభై దాటిన మనిషి. నాయుడుగారు క్రికెట్టు బ్యాటు చేత పట్టుకుని మధ్యన నిలబడ్డారు. వచ్చినవాళ్లు వెనక్కు తగ్గారు. ఈ సంగతి ఫజల్ మహమూద్ తాను చనిపోవడానికి రెండేళ్ల ముందు, 2003లో అచ్చయిన ఆత్మకథలో కూడా చెప్పుకున్నారు.

సి.కె. నాయుడుగారు నాగపూరులో పుట్టి పెరిగినా తెలుగు ఇంటి బిడ్డ. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో కొత్తగా అడుగుపెట్టిన 1953-54లో, ఆ వయసులో కూడా వచ్చి కెప్టెనుగా నిలబడిన మనిషి. బొంబాయి జింఖానాలో 1926లో ఆయన కొట్టిన పదకొండు సిక్సర్లను గురించి మనవాళ్లు ఎన్నోమార్లు వ్రాసుకున్నారు. రైలు పెట్టెలో ఆ బ్యాటు చేసిన పనిని గురించి అంతగా వ్రాసుకోలేదు. నా మట్టుకు ఆ సిక్సర్లన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

బొంబాయి నుంచి ఫజల్ విమానంలో కరాచీ చేరి, అక్కడినుంచి లాహోరు వెళ్లారు. లాహోరులో కళ్లతో చూసిన తరువాత, ఇంటివారు ఇక కదలనివ్వని తరువాత, ఆస్ట్రేలియా టూరుకు రాలేనని తెలియజేశారు. హిందూస్తాన్ జట్టు లాలా అమర్‌నాథ్ కెప్టెన్సీలో ఆయన లేకుండానే వెళ్లి నాలుగు టెస్టులు ఓడి వచ్చింది. అప్పటినుంచి ఇటువైపు కొందరు, జట్టులో చోటిచ్చినా కాదని వెళ్లిపోయాడని అన్నారు. అటువైపు కొందరు, ముందు హిందూస్తాన్ జట్టుకు ఒప్పుకున్నవాడే కదా అని అన్నారు. ఒక ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఇల్లు ఉన్న ఊరికి వెళ్లాడు, ఆ ఊరు వేరే దేశంలోకి పోయింది. ఇందులో ద్రోహం ఎక్కడున్నదో నాకైతే కనబడలేదు.

ఆ రోజులలో గీత ఎంత పలచగా ఉండేదో చూడండి. అదే ఆస్ట్రేలియా టూరుకు వెళ్లి హిందూస్తాన్ తరఫున ఆడిన అమీర్ ఇలాహీ, గుల్ మహమ్మద్ ఇద్దరూ తరువాత పాకిస్తాను తరఫున టెస్టులు ఆడారు. 1946లో అబ్దుల్ హఫీజ్ అన్న పేరుతో హిందూస్తాన్ తరఫున ఇంగ్లండు వెళ్లిన కార్దార్ గారే పాకిస్తానుకు మొదటి టెస్టు కెప్టెను. మన హైదరాబాదు ఆఫ్ స్పిన్నరు గులాం అహమద్ గారు ఇక్కడే ఉండి హిందూస్తాన్ తరఫున వీరందరికీ ఎదురు నిలిచారు, తరువాత కెప్టెను కూడా అయ్యారు. ఎవరి ఇల్లు ఎక్కడ ఉంటే వారు అక్కడ ఆడారు. అంతే సంగతి.

లాహోరులో ఫజల్ పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరారు. పాకిస్తాను మొదటి జట్టుకు, అంటే టెస్టు హోదా రాకముందటి జట్టుకు, కెప్టెనుగా ఉన్న మియాన్ మహమ్మద్ సయీద్ గారి కుమార్తెను వివాహమాడారు. ఆట ఉన్నది, జట్టు ఉన్నది, కాని లోకం దృష్టిలో అది టెస్టు జట్టు కాదు. ఆ గుర్తింపు తెచ్చిపెట్టిన మ్యాచి 1951 చివర కరాచీలో జరిగింది. నైజెల్ హవర్డ్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టు మొదటి ఇన్నింగ్సులో ఫజల్ 40 పరుగులకు 6 వికెట్లు తీశారు. రెండవ ఇన్నింగ్సులో ఖాన్ మహమ్మద్ విజృంభించాడు. హనీఫ్ అనే పదిహేడేళ్లు కూడా నిండని పిల్లవాడు 64 కొట్టాడు. పాకిస్తాను నాలుగు వికెట్ల తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది, 1952లో, టెస్టు హోదా వచ్చింది.

మొదటి టెస్టు ఎవరితో? హిందూస్తాన్‌తోనే. ఎక్కడ? ఢిల్లీలో. అక్టోబరులో జరిగిన ఆ టెస్టులో వినూ మన్కడ్ 13 వికెట్లు తీసి పాకిస్తానును ఇన్నింగ్సు 70 పరుగుల తేడాతో ఓడించారు. చివరి వికెట్టుకు అధికారితో కలిసి గులాం అహమద్ గారు 109 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు, తాను అర్ధసెంచరీ చేశారు. బౌలరు చేతిలో బ్యాటు పెడితే ఒక్కోసారి ఇలా కూడా జరుగుతుంది.

వారం తిరగకుండా లక్నోలో రెండవ టెస్టు. గోమతి ఒడ్డున యూనివర్సిటీ మైదానం. పచ్చిక పిచ్ కాదు, జనపనార చాప పరచిన పిచ్. ఫజల్ పెరిగింది చాపల మీదే. కొత్త చాప మీద బంతి పట్టు దొరికించుకుని ఎటు కోస్తే అటు తెగుతుంది. మన్కడ్, హజారే ఆ మ్యాచిలో ఆడలేదు. హిందూస్తాన్ మొదటి ఇన్నింగ్సు 106కు ముగిసింది, ఫజల్‌కు 52 పరుగులకు 5. పాకిస్తాను ఓపెనరు నజర్ మహమ్మద్ మొదటినుంచి చివరిదాకా నిలబడి 124 నాటౌట్. రెండవసారి హిందూస్తాన్ 182, ఈసారి ఫజల్‌కు 42 పరుగులకు 7. అమర్‌నాథ్ ఒక్కరే ఎదురు నిలిచి 61 నాటౌట్. మొత్తం మీద 94 పరుగులకు 12 వికెట్లు. ఆడిన రెండవ టెస్టులోనే పాకిస్తాను ఇన్నింగ్సు తేడాతో గెలిచింది. అయిదేళ్ల కిందట ఈ దేశపు జట్టుకే ఎంపికైన కుర్రవాడు ఈ దేశపు జట్టునే పడగొట్టాడు. తరువాత బొంబాయి టెస్టు గెలిచి సిరీసు హిందూస్తాన్ దక్కించుకున్నది. ఆ లెక్క వేరు.

లక్నో మ్యాచి ఫజల్‌కు పేరు తెచ్చింది, దాని వెంటే చెడ్డపేరు కూడా తెచ్చింది. చాప ఉన్నది కనుక తీశాడు, పచ్చిక మీద ఏం చేస్తాడో చూద్దాం అన్నారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత మనకు ఉన్నదే. ఆ జవాబు కోసం రెండేళ్లు ఆగవలసి వచ్చింది.

1954లో పాకిస్తాను జట్టు మొదటిసారి ఇంగ్లండు వెళ్లింది. వానలు పడిన ఎండాకాలం అది. లార్డ్స్‌లో వానకే మ్యాచి పోయింది, అయినా తడి పచ్చిక మీద ఫజల్ 4, ఖాన్ మహమ్మద్ 5 వికెట్లు తీశారు. నాటింగ్‌హాంలో కాంప్టన్ 278 కొట్టి ఇన్నింగ్సు తేడాతో ఓడించాడు. మాంచెస్టరులో కూడా పాకిస్తాను జట్టును వానే కాపాడింది. ఇక ఈ జట్టు సంగతి తేలిపోయిందని ఇంగ్లండువారు అనుకున్నట్లున్నారు. ఆగస్టులో ఓవల్ మైదానంలో జరిగిన నాలుగవ టెస్టుకు బెడ్సర్‌ను, బెయిలీని పక్కన పెట్టి, ఆస్ట్రేలియా టూరుకు ముందు కొత్తవారిని చూసుకుందామని టైసన్‌ను, లోడర్‌ను దించారు. ఎదుటివాణ్ణి తేలికగా చూడటం ఎవరికైనా కీడే.

పాకిస్తాను 133కు ఆలౌట్. మరునాడంతా వాన. తరువాత ఇంగ్లండు 130కి ఆలౌట్. హటన్, మే, కాంప్టన్, గ్రేవ్‌నీ, నలుగురూ ఫజల్‌కే దొరికారు. ఆయనకు 53 పరుగులకు 6, మిగిలిన 4 మహమూద్ హుసేన్‌కు. రెండవ ఇన్నింగ్సులో పాకిస్తాను 82 పరుగులకు 8 వికెట్లు పోగొట్టుకున్నది. అప్పుడు వజీర్ మహమ్మద్, జుల్ఫికార్ అహమద్ తొమ్మిదవ వికెట్టుకు నిలబడ్డారు. వజీర్ 42 నాటౌట్, జుల్ఫికార్ 34. జట్టు 164 దాకా ఈడ్చుకువచ్చింది. ఓవల్ గురించి వ్రాసేవారు ఈ ఇద్దరిని మరిచిపోతారు. వీరు ఆ పరుగులు చేయకపోతే ఫజల్ ఎన్ని వికెట్లు తీసినా లాభం లేకపోయేది.

ఇంగ్లండుకు కావలసినవి 168. సాయంత్రానికి 2 వికెట్లకు 109. ఇక మిగిలింది 59, చేతిలో ఎనిమిది వికెట్లు. క్రీజులో మే, ఆ తరువాత కాంప్టన్, గ్రేవ్‌నీ. ఆ సాయంత్రమే ముగించేద్దామన్న తొందర ఇంగ్లండుకు పుట్టింది. మే కొట్టబోయి ఫజల్ బంతికి కార్దార్ చేతికి చిక్కాడు. పరుగులు తొందరగా కావాలని వికెట్ కీపర్ ఇవాన్స్‌ను ముందుకు పంపారు, ఫజల్ ఆయన స్టంపులు ఎగరగొట్టాడు. గ్రేవ్‌నీ షుజావుద్దీన్ బంతికి ఎల్బీడబ్ల్యు. కాంప్టన్‌ను ఫజల్ ఇంతియాజ్ చేతికి పట్టించాడు. ఆట ఆగేసరికి 6 వికెట్లకు 125. అరగంటలో మ్యాచి తలకిందులైపోయింది. పన్నెండు పరుగుల లోపల నాలుగు వికెట్లు!

మరునాడు ఉదయం ఇంగ్లండుకు 43 కావాలి. ఎంతోసేపు పట్టలేదు. చివరి వికెట్టుగా మెకానన్‌ను చిన్నవాడు హనీఫ్ నేరుగా వికెట్లకు విసిరి రనౌట్ చేశాడు. ఇంగ్లండు 143 ఆలౌట్, పాకిస్తాను 24 పరుగుల తేడాతో గెలిచింది. ఫజల్‌కు 46 పరుగులకు 6, మొత్తం 99 పరుగులకు 12. ఇంగ్లండుకు మొదటిసారి వెళ్లిన టూరులోనే అక్కడ టెస్టు గెలిచిన జట్టు అంతకు మునుపు లేదు. సిరీసు 1-1 సమానం. విజ్డెన్ పుస్తకం వారు 1955లో తమ అయిదుగురు ఆటగాళ్లలో ఒకరిగా ఫజల్‌ను ఎంచుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి పాకిస్తానీ ఆయనే. ఓవల్‌లో చాప లేదు, పచ్చికే. నిజం చెప్పాలంటే తడిసిన పచ్చిక. పొడి పిచ్ మీద అయితే ఏమయ్యేదని అప్పుడు కూడా కొందరు అన్నారు. ఇలాంటివారికి ఎక్కడ తీసి చూపించినా చాలదు.

రెండేళ్ల తరువాత, 1956 అక్టోబరులో, ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండు నుంచి ఇంటికి పోతూ కరాచీలో ఒక్క టెస్టు ఆడింది. ఇంగ్లండులో జిమ్ లేకర్ 19 వికెట్లతో చావగొట్టి పంపిన జట్టు. మిల్లర్, లిండ్‌వాల్, హార్వే, బెనో అందరూ ఉన్నారు. చాప మీద ఫజల్, ఖాన్ మహమ్మద్ కలిసి వారిని 80 పరుగులకు పడగొట్టారు. ఆ మొదటి రోజంతా కలిపి రెండు జట్లూ చేసినవి 95 పరుగులే. టెస్టు క్రికెట్టులో ఇంత తక్కువ పరుగులు వచ్చిన పూర్తి రోజు ఇంకొకటి లేదు. ఇరవై వికెట్లలో ఇరవైయ్యీ వీరిద్దరే పంచుకున్నారు, ఫజల్‌కు 13, ఖాన్‌కు 7. ఫజల్ ఇచ్చినవి 114 పరుగులు. పాకిస్తాను తొమ్మిది వికెట్ల తేడాతో గెలిచింది. పైన చెప్పిన గుల్ మహమ్మద్ పాకిస్తాను తరఫున ఆడిన టెస్టు ఇదే.

గెలుపుల సంగతి ఇంత చెప్పి 1958 సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. వెస్టిండీస్ టూరులో కింగ్‌స్టన్ టెస్టు. మహమూద్ హుసేన్ అయిదు బంతులు వేసి కాలు పట్టేసి పోయాడు. నసీముల్ ఘనీ వేలు విరిగింది. కెప్టెను కార్దార్ వేలికి కూడా దెబ్బ ఉన్నది. బౌలింగు భారమంతా ఫజల్, ఖాన్ మీద పడింది. ఎదురుగా ఇరవై ఒక్కేళ్ల సోబర్స్, ప్రపంచ రికార్డు 365 నాటౌట్. ఫజల్ వేసినవి 85 ఓవర్ల 2 బంతులు, 247 పరుగులు, 2 వికెట్లు. అంకెలు చూస్తే బౌలరుకు అవమానం అనిపిస్తుంది. ఆ ఎండలో, ఆ పిచ్ మీద, గెలుపు ఆశ లేకుండా 512 బంతులు వేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపిన తండ్రి చేసిన మేలు అక్కడ కనబడింది. అదే టూరు చివరి టెస్టులో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, 83 పరుగులకు 6 వికెట్లు తీసి పాకిస్తాను ఇన్నింగ్సు తేడాతో గెలవడానికి దారి వేసింది కూడా ఈ ఫజలే.

కార్దార్ తప్పుకున్న తరువాత కెప్టెన్సీ ఫజల్‌కు వచ్చింది. 1959లో వెస్టిండీస్ పాకిస్తాను వచ్చినప్పుడు మొదలు చాలా బాగున్నది. కరాచీలో పది వికెట్ల గెలుపు. ఢాకాలో వెస్టిండీస్‌ను 76కు పడగొట్టి, తాను రెండు ఇన్నింగ్సులలో 6, 6 తీసి నూరు పరుగులకు 12 వికెట్లు. దీనితో హిందూస్తాన్, ఇంగ్లండు, ఆస్ట్రేలియా, వెస్టిండీస్, నాలుగు దేశాలమీద ఒక్కొక్క మ్యాచిలో పన్నెండు లేక అంతకు మించి వికెట్లు తీసిన మొదటి బౌలరు అయ్యారు. లాహోరులో మాత్రం హాల్ హ్యాట్రిక్ తీసి, పాకిస్తానుకు సొంత గడ్డ మీద మొదటి ఓటమి చూపించాడు.

ఆ ఏడాది చివర బెనో నాయకత్వాన ఆస్ట్రేలియా వచ్చి సిరీసు గెలుచుకుపోయింది. కరాచీ టెస్టు చూడటానికి డిసెంబరులో అమెరికా ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ వచ్చారు. పాపం, ఆ పెద్దమనిషి వచ్చిన రోజు మొత్తం మీద వచ్చిన పరుగులు 104. క్రికెట్టు అంటే ఏమిటో ఆయనకు ఎవరు ఎలా నచ్చజెప్పారో! చాప పరచిన పిచ్ మీద ఆడిన చివరి టెస్టు అదే. ఆ తరువాత పాకిస్తాను టెస్టు మైదానాలలో పచ్చిక పిచ్‌లు వచ్చాయి. ఫజల్ చేతికింద నుంచి చాపను లాగేసినట్లయింది. వయసు కూడా ముప్పై మూడుకు వచ్చింది.

ఇక 1960-61 హిందూస్తాన్ టూరు. ఫజల్ మీద నాకు కూడా ఫిర్యాదు ఉన్నది ఇక్కడే. బొంబాయి, కాన్పూరు, కలకత్తా, మద్రాసు, ఢిల్లీ, అయిదు చోట్ల అయిదు టెస్టులు, అయిదూ డ్రా. 1954-55లో పాకిస్తానులో జరిగిన అయిదూ డ్రా అయినవే. 1952-53లో చివరి రెండు కలుపుకుంటే వరసగా పన్నెండు. గెలవాలని ఎవరూ ఆడలేదు, ఓడకూడదని ఇద్దరూ ఆడారు. ఇటు కాంట్రాక్టర్, అటు ఫజల్. ఓడితే ఇంటికి ముఖం ఎలా చూపించాలి అన్న భయం ఇద్దరికీ ఉన్నది. భయం అర్థమవుతుంది. కాని ఓవల్‌లో 168 పరుగులు కాపాడిన మనిషి, కెప్టెను టోపీ పెట్టుకోగానే అంత పిరికిగా ఎందుకు ఆడించాడు? కలకత్తాలో 26 పరుగులకు 5 వికెట్లు తీసిన చెయ్యి అప్పటికింకా మొద్దుబారలేదు కదా.

ఆ డ్రాల చలిలో మన హైదరాబాదు కుర్రవాడు ఒకడు కాలిపోయాడు. అబ్బాస్ అలీ బేగ్. 1959లో మాంచెస్టరులో తన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టినవాడు. ఫజల్ జట్టుతో ఆడిన మూడు టెస్టులలో పరుగులు రాలేదు. బ్యాట్స్‌మన్‌కు పరుగులు రాకపోవడం ఎక్కడైనా ఉన్నదే. కాని ఆయన పేరు చూసి, ఎదుటి జట్టు చూసి, కావాలనే ఆడలేదని కొందరు ఉత్తరాలు వ్రాశారు. జట్టులోనుంచి తీసేశారు. మళ్లీ టెస్టు ఆడటానికి 1966-67 దాకా ఆగవలసి వచ్చింది. అదే టూరులో ఫజల్ జట్టు మీద సౌత్ జోన్ తరఫున ఆడిన ఇంకొక హైదరాబాదీ, గులాం అహమద్ గారి మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్, 1961లో పాకిస్తాను వెళ్లిపోయి తరువాత ఆ దేశపు కెప్టెను అయ్యాడు. రైలు పెట్టెలో ఫజల్‌ను పేరు చూసి చుట్టుముట్టినది, బేగ్‌కు ఉత్తరాలు వ్రాయించినది ఒకటే. బేగ్ పక్కన బ్యాటు పట్టుకుని నిలబడటానికి ఆనాడు ఒక నాయుడుగారు లేకపోయారు.

ఆ సిరీసు తరువాత రెండు దేశాల మధ్య టెస్టులు మళ్లీ 1978లోనే. మధ్యలో రెండు యుద్ధాలు జరిగిపోయాయి.

ఫజల్ కెప్టెన్సీ పోయింది. 1962లో జావేద్ బర్కీ నాయకత్వాన ఇంగ్లండు వెళ్లిన జట్టులో ఆయనకు చోటు కూడా లేదు. తీరా అక్కడ ఫాస్ట్ బౌలర్లు ఒకరి తరువాత ఒకరు దెబ్బలు తిని కూర్చుంటే, ఇంటిదగ్గర ఉన్న ముప్పై అయిదేళ్ల మనిషికి కబురు పంపారు. వెళ్లకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వెళ్లారు. నాటింగ్‌హాంలో 60 ఓవర్లు వేశారు. చివరి టెస్టు ఓవల్‌లోనే పడింది. ఎనిమిదేళ్ల కిందట పన్నెండు వికెట్లు తీసిన ఆ మైదానంలోనే 192 పరుగులిచ్చి 2 వికెట్లు తీసి టెస్టులనుంచి తప్పుకున్నారు. ఫస్ట్ క్లాసు ఆటలో మొత్తం 466 వికెట్లు.

పోలీసు ఉద్యోగం మాత్రం సాగింది. ఇన్‌స్పెక్టరుగా చేరిన మనిషి డి.ఐ.జి. దాకా ఎదిగారు. నడివయసు దాటాక మతగ్రంథాల అధ్యయనంలో పడ్డారు, ఆ విషయం మీద పుస్తకం కూడా వ్రాశారు. బ్రిల్‌క్రీం బొమ్మ పాతబడిపోయింది. 2005 మే 30న లాహోరులో, పుట్టిన ఊరిలోనే, గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 78. సి.కె. నాయుడుగారు అంతకు చాలా ముందే, 1967లో, ఇండోరులో పోయారు.